ఐదు రిపోర్టుల్లో ఎవరూ చదవని లైను

జగిత్యాల జిల్లాలోని ఒక ఊరి నుంచి ఉత్తరం రాసిన ఈమె పేరు వేయొద్దన్నారు. వయసు 44. ఇంట్లోనే మిషను పెట్టుకుని బ్లౌజులు కుడతారు. భర్త పదకొండేళ్లుగా మస్కట్‌లో పనిచేస్తున్నారు. ఇక్కడ అత్తగారు, ఇంటర్ చదివే కొడుకు ఉన్నారు. ఒళ్లునొప్పులు, నీరసం ఎక్కువయ్యాయని నాలుగు నెలల కిందట ఒక ల్యాబ్ ఆఫర్ ప్యాకేజీలో రక్త పరీక్షలు చేయించుకున్నారు. రిపోర్టులో ఈఎస్ఆర్ 46 అని బొద్దు అక్షరాల్లో, పక్కన పైకి చూపించే బాణంతో వచ్చింది. సీఆర్పీ 6.8 ఉంది, 5 లోపు ఉండాలట.

ఆ కాగితం చూసి ఊళ్లో ఆర్ఎంపీ, "ఈఎస్ఆర్ ఇంతుందంటే లోపల టీబీ ఉన్నట్టే, ఆరు నెలల కోర్సు వాడేద్దాం" అన్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే తమ్ముడు నెట్‌లో చదివి క్యాన్సర్ కావచ్చని భయపడి, ఒళ్లంతా క్యాన్సర్ కోసం వెతికే పెట్ స్కాన్ చేయిస్తాను వచ్చెయ్యమంటున్నాడు. ఆడపడుచు వంకాయ, పప్పు, చింతపండు మాన్పించి, పసుపు, మిరియాలు, శొంఠి వేసి కాచిన కషాయం పొద్దునా సాయంత్రం తాగిస్తోంది. ఈమె మరో నాలుగుసార్లు, మూడు వేరు వేరు ల్యాబుల్లో పరీక్ష చేయించుకుని, వచ్చిన అంకెలను కొలతల నోటుబుక్కు చివరి పేజీలో రాసుకున్నారు: 46, 52, 39, 55, 48. కషాయం మొదలుపెట్టాక సీఆర్పీ 6.8 నుంచి 0.7కి పడిపోయిందని ఇంట్లో సంబరపడ్డారు. తర్వాతి నెల మళ్లీ 6.4 వచ్చేసరికి ఏడ్చేశారట. ప్రతి శుక్రవారం భర్త ఫోన్ చేయగానే ముందు అడిగేది "ఈసారి ఎంతొచ్చింది?" అనే. ఉద్యోగం వదిలేసి వచ్చేస్తానంటున్నారు.

"నాకు లోపల పెద్ద జబ్బేదైనా ఉందా? టీబీ మందులు మొదలుపెట్టాలా, స్కాన్‌కి వెళ్లాలా? శుక్రవారం ఆయనకు ఏం చెప్పాలి?" ఇవీ ఆమె ప్రశ్నలు. చివరి పేజీ అడుగున, సంతకానికి పైన, చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది: "ఏడెనిమిది నెలలుగా నెలసరి తొమ్మిది రోజుల దాకా ఉంటోంది, ఈ వయసులో మామూలే కదా అని ఎవరికీ చెప్పలేదు."

సమాధానం:

మీ ఐదు రిపోర్టుల జిరాక్సులూ ముందు పరుచుకుని ఈ జవాబు రాస్తున్నాను. ఐదింట్లోనూ ఈఎస్ఆర్ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది, మీరే చుట్టి ఉంటారు. మొదటి రిపోర్టులో ఆ సున్నాకు నాలుగు వరుసల పైన హిమోగ్లోబిన్ 8.8 అని ఉంది. దాని చుట్టూ మీ పెన్ను గుర్తేమీ లేదు. ఆర్ఎంపీ గారు, తమ్ముడు, ఆడపడుచు, ఎవరి మాటల్లోనూ ఆ అంకె వచ్చినట్టు మీ ఉత్తరంలో లేదు. మీ వయసు ఆడవాళ్లకు అది కనీసం 12 ఉండాలి. మీరు సంతకం పైన చిన్న అక్షరాల్లో రాసిన మాటకూ ఈ 8.8కీ సంబంధం ఉంది. ఈఎస్ఆర్‌కూ ఉంది.

ముందు ఈఎస్ఆర్ సంగతి. పేరు వింటే ఏదో లోతైన పరీక్షలా ఉంటుంది కానీ నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు వార్డు పక్క గదిలో మేమే చేసేవాళ్లం. రక్తం గడ్డకట్టకుండా సిట్రేట్ కలిపి, సన్నటి పొడవాటి గాజు గొట్టంలోకి పై గీత దాకా ఎక్కించి, స్టాండులో నిటారుగా నిలబెట్టి, టైము రాసుకుని వేరే పనికి పోయేవాళ్లం. గంటకు వచ్చి చూస్తే బురదనీళ్ల బిందెలో పైన తేరుకున్నట్టు, ఎర్ర కణాలు కిందికి దిగి, పైన లేత పసుపు రంగు ద్రవం తేటగా నిలిచి ఉండేది. ఆ తేట భాగం ఎన్ని మిల్లీమీటర్లుందో కొలిచి రాస్తే అదే ఈఎస్ఆర్. మీ 46 అంటే, గంటలో మీ ఎర్ర కణాలు 46 మిల్లీమీటర్లు దిగాయని. ఆ కాగితం చెప్పేది ఇంతే. అందులో టీబీ అనీ లేదు, క్యాన్సర్ అనీ లేదు.

అవి తొందరగా ఎందుకు దిగుతాయి? ఒంట్లో ఎక్కడైనా ఇన్‌ఫెక్షనో, కీళ్లవాతమో, మరేదైనా వాపో ఉంటే లివర్ ఫైబ్రినోజెన్ లాంటి ప్రొటీన్లను ఎక్కువగా తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. వాటివల్ల ఎర్ర కణాలు అట్ల దొంతరలా ఒకదానిమీద ఒకటి అతుక్కుంటాయి. దొంతర బరువెక్కువ కాబట్టి వేగంగా కిందికి పోతుంది. 1918లో స్టాక్‌హోమ్‌లో ఫోరియస్ అనే డాక్టరు దీన్ని మొదట గర్భిణుల రక్తంలో గమనించి, గర్భం తెలుసుకునే పరీక్షగా పనికొస్తుందేమో అనుకున్నాడు. గర్భంలో ఫైబ్రినోజెన్ మామూలుగానే పెరుగుతుంది మరి. అంటే ఈ పరీక్ష పుట్టినప్పుడే, జబ్బు లేనివాళ్లలో కూడా పెరుగుతుందని తెలిసిపోయింది. వీధి కుక్క లాంటిదే ఇదీ. దొంగ వచ్చినా మొరుగుతుంది, కొత్త పాలబ్బాయి వచ్చినా మొరుగుతుంది. మొరిగిందని తలుపు తీసి చూడటం మంచిదే. చూడకుండానే దొంగ అని కేకలు పెడితే ఊరంతా లేస్తుంది, మీ ఇంట్లో ఇప్పుడు లేచినట్టు.

మీ విషయంలో అది మొరగడానికి ఒక కారణం కళ్లెదుటే ఉంది, రక్తం తక్కువగా ఉండటం. కిక్కిరిసిన బస్సులోంచి దిగాలంటే ఎంతసేపు పడుతుంది? అదే బస్సులో పదిమందే ఉంటే చకచకా దిగిపోతారు. గొట్టంలో ఎర్ర కణాలు తక్కువగా ఉన్నప్పుడు జరిగేదీ అదే. అందుకే హిమోగ్లోబిన్ చూడకుండా ఈఎస్ఆర్ మీద తీర్పు చెప్పకూడదు. వయసు కూడా లెక్కలోకి వస్తుంది. ఆడవాళ్లకైతే వయసుకు పది కలిపి సగం చేస్తే వచ్చేదాన్ని గరిష్ఠంగా అనుకోవచ్చని డాక్టర్ల మధ్య ఒక మోటు లెక్క ఉంది. మీకు 27 వస్తుంది. రిపోర్టులో "20 లోపు" అని అచ్చువేసిన గీత అన్ని వయసుల వాళ్లకూ ఒకటే. 27తో పోల్చినా మీది ఎక్కువే, కాదనను. కానీ 8.8 హిమోగ్లోబిన్ ఉన్న మనిషికి నలభైల్లో ఈఎస్ఆర్ రావడం నన్ను ఆశ్చర్యపరచదు. వంద దాటి ఉంటే నా జవాబు వేరేలా ఉండేది. అలాంటప్పుడు పెద్ద ఇన్‌ఫెక్షనో, క్యాన్సరో, రక్తనాళాల జబ్బో ఉందేమోనని ఆలస్యం చేయకుండా వెతకాల్సిందే.

ఇక 46, 52, 39, 55, 48 సంగతి. కొలతల పుస్తకంలో రాశారు కాబట్టి మీ భాషలోనే అడుగుతాను. ఒకే మనిషి నడుమును ముగ్గురు టైలర్లు మూడు టేపులతో కొలిస్తే ఒకే అంకె వస్తుందా? కొన్ని ల్యాబులు గొట్టంలో గంటసేపు ఉంచి చూస్తాయి, కొన్ని మెషీన్‌తో కొన్ని నిమిషాల్లో లెక్కకట్టేస్తాయి. గొట్టం కాస్త ఒరిగినా, గది బాగా వేడిగా ఉన్నా అంకె పెరుగుతుంది. ఇంటికొచ్చి రక్తం తీసుకున్న అబ్బాయి బండి మీద ఇంకో పది ఇళ్లు తిరిగి ల్యాబుకు ఆలస్యంగా చేరినా తేడా వస్తుంది. 39 వచ్చిన నెల మీరు బాగుపడలేదు, 55 వచ్చిన నెల చెడిపోలేదు. అదొక్కటే అంకె అనుకోండి, దాన్ని ఐదుసార్లు డబ్బు కట్టి చూసుకున్నారు.

కషాయం మహిమ గురించి చెప్పాలంటే నాకే కాస్త మొహమాటంగా ఉంది. ఆ 0.7 రిపోర్టులో అంకె పక్కన చిన్నగా రాసిన కొలమానం చూడండి. మొదటి ల్యాబు లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములో చెప్పింది. ఈ ల్యాబు డెసీలీటరుకు, అంటే లీటరులో పదో వంతుకు, ఎన్ని మిల్లీగ్రాములో చెప్పింది. లీటరు లెక్కలోకి మారిస్తే 0.7 అంటే 7. మీ సీఆర్పీ తగ్గనూ లేదు, మళ్లీ పెరగనూ లేదు. మీరు ఏడ్చింది ఒక సున్నా తేడా గురించి. ఆడపడుచుకు ఈ మాట చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.

సీఆర్పీ కూడా లివర్ తయారుచేసే ప్రొటీనే. ఈఎస్ఆర్ కంటే ఇది చురుకైనది. ఒంట్లో ఏదైనా మొదలైన కొన్ని గంటల్లోనే పెరుగుతుంది, రెండు రోజులకు పతాక స్థాయికి చేరుతుంది, కారణం పోతే అంతే వేగంగా దిగిపోతుంది. ఈఎస్ఆర్ మాత్రం జబ్బు తగ్గిన తర్వాత కూడా వారాల తరబడి నిదానంగా దిగుతుంది. రక్తహీనత సీఆర్పీని ఈఎస్ఆర్‌లా తప్పుదారి పట్టించదు కాబట్టి డాక్టర్లు రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు. గట్టి బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్లలో సీఆర్పీ తరచూ వంద దాటిపోతుంది. మీ ఆరూ ఏడూ దాని ముందు గుసగుస. ఐదడుగుల ఎత్తుకు 72 కిలోలున్నానని రాశారు. నడుము చుట్టూ పేరుకున్న కొవ్వు ఒక్కటే సీఆర్పీని ఈ మాత్రం పెంచగలదు. చిగుళ్ల జబ్బు ఉన్నా, వారం కిందటి జలుబు ఇంకా పూర్తిగా తగ్గకపోయినా అంతే. చివరి రిపోర్టులో "హెచ్ఎస్ సీఆర్పీ 3 దాటితే గుండెకు ముప్పు ఎక్కువ" అని ఉన్న లైను చూసి గుండెపోటు భయం కూడా జోడించుకున్నారు. అదీ ఇదే ప్రొటీను, ఇంకాస్త సూక్ష్మంగా కొలుస్తారు, అంతే. గుండె ముప్పు అంచనాకు దాన్ని వాడాలంటే మనిషి ఏ నలతా లేకుండా ఉన్నప్పుడు, రెండు వారాల ఎడంతో రెండుసార్లు చేసి, బీపీ, షుగరు, కొలెస్ట్రాల్‌తో కలిపి చూడాలి. ఒక్క అంకెతో ఎవరి గుండె భవిష్యత్తూ తేలదు.

ఏఎస్ఓ 310 అని కూడా ఒకటి ఉంది, గొంతులో స్ట్రెప్ అనే క్రిమి వచ్చి పోయిందేమో చూసే రక్త పరీక్ష. ఎప్పుడో వచ్చిన గొంతునొప్పి జ్ఞాపకం అది. మీకున్న నొప్పులకు దాన్ని చూపించి నెలనెలా పెన్సిలిన్ ఇంజెక్షన్ అంటే ఒప్పుకోకండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. ఆర్ఎంపీ గారి మాట విని టీబీ కోర్సు మొదలుపెడితే ఏమవుతుంది? ఆ మందులు మంచి మందులే, టీబీ ఉన్నవాళ్లకు ప్రాణం పోస్తాయి. కానీ టీబీ లేని మనిషి ఆరు నెలలు మింగితే లివర్ దెబ్బతినే ప్రమాదాన్ని ఊరికే కొనుక్కున్నట్టు. సగంలో ఆపేస్తే, ఒకవేళ నిజంగానే టీబీ ఉంటే అది మందులకు లొంగకుండా మొండికేస్తుంది. ఈఎస్ఆర్ పెరిగినంత మాత్రాన టీబీ కాదు, మామూలుగా ఉన్నంత మాత్రాన టీబీ లేదనీ కాదు. రెండు వారాలకు మించిన దగ్గు, సాయంత్రాలు జ్వరం, రాత్రి చెమటలు, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, మెడలో గడ్డలు, ఇవేవీ లేవని మీరే రాశారు. బరువైతే రెండు కిలోలు పెరిగారు. అయినా అనుమానం పీకుతుంటే ప్రభుత్వ ఆసుపత్రిలో ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, కళ్లె పడితే సీబీనాట్ లేదా ట్రూనాట్ పరీక్షలో టీబీ క్రిమినే వెతికి చెబుతారు. పైసా ఖర్చు ఉండదు. మందు వేసి చూసి జబ్బు తేల్చుకునే రోజులు కావివి.

తమ్ముడి దారి వేరు, ప్రేమతో చెబుతున్న మాట. పెట్ స్కాన్‌లో ఏమీ లేకపోతే కొన్నాళ్లు హాయిగా ఉంటుంది, తర్వాత ఈఎస్ఆర్ మళ్లీ 50 రాగానే "స్కాన్‌లో మిస్సయిందేమో" అనిపిస్తుంది. ఏదైనా కనపడితే ఇంకో కథ. నలభై దాటిన ఎవరి ఒంట్లోనైనా థైరాయిడ్‌లో చిన్న కణితో, ఊపిరితిత్తిలో పాత మచ్చో, అండాశయంలో నీటిబుడగో కనపడటం అరుదేమీ కాదు. చాలావరకు అవి మనిషితో పాటు ఊరికే ఉండేవే. కానీ కనపడ్డాక దానికో సూది పరీక్ష, ఆరు నెలలకు మళ్లీ స్కాన్. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే ఇదే, పైగా తవ్విన కూలీ మస్కట్ జీతం. పెట్ స్కాన్ పనికిరానిదని నేను అనడం లేదు. డాక్టరు చేత్తో పరీక్షించి, మామూలు పరీక్షలన్నీ చేసి, అయినా అంతుపట్టని జ్వరమో బరువు తగ్గడమో మిగిలినప్పుడు వేసే చివరి అడుగు అది.

మూడో దారి, ఇవేవీ లేకుండా ఊరుకుని రెండు నెలల తర్వాత మళ్లీ చూడటం. మీకు రక్తహీనత లేకుంటే నేను ఇదే చెప్పేదాన్నేమో. ఏ బాధా లేని మనిషిలో కొద్దిగా పెరిగిన ఈఎస్ఆర్ కొన్ని వారాల్లో తనంతట తనే దిగిపోవడం మామూలు. కానీ 8.8ని ఊరికే వదిలేయకూడదు.

కాబట్టి నాకు సరైందనిపించేది నాలుగోది, కాస్త చప్పగా ఉంటుంది. జగిత్యాలలోనో కరీంనగర్‌లోనో ఒక జనరల్ ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి. "ఈఎస్ఆర్ ఎక్కువుంది" అని మొదలుపెట్టకండి, "నీరసంగా ఉంది, నెలసరి ఎక్కువవుతోంది" అని మొదలుపెట్టండి. మీరు ఏ మాటతో మొదలుపెడితే ఆయన అక్కడి నుంచే వెతుకుతారు. నొప్పుల గురించి మీరు రాసింది నేను రెండుసార్లు చదివాను. పొద్దున లేవగానే బాగానే ఉంటుందని, నాలుగు బ్లౌజులు కుట్టాక సాయంత్రానికి మెడ, భుజాలు, మోకాళ్లు లాగేస్తాయని అన్నారు. కీళ్లవాతమైతే చాలావరకు దీనికి తిరగబడి ఉంటుంది. పొద్దున గంటసేపు వేళ్లు ముడవడానికి రావు, వేళ్ల కణుపులు ఉబ్బుతాయి, పనిలో పడితే కాస్త నయమనిపిస్తుంది. కీళ్లవాతం కోసం చేసే ఆర్ఏ ఫ్యాక్టర్ రక్త పరీక్ష కూడా మీకు నెగెటివే. అది నెగెటివైనా కొందరిలో కీళ్లవాతం ఉంటుంది కాబట్టి డాక్టరు చేత మీ వేళ్లను ఒకసారి నొక్కి చూపించుకోవడం ఆ కాగితం కంటే మేలు.

రిపోర్టులో ఎంసీవీ 69 అని ఇంకో అంకె ఉంది, అదీ బొద్దుగానే పడింది. ఎర్ర కణాలు చిన్నవైపోయాయని దానర్థం. మన దగ్గర దీనికి తరచూ కనిపించే కారణం ఐరన్ లోపం. పుట్టుకతో వచ్చే తలసీమియా వాహక లక్షణం వల్ల కూడా కణాలు చిన్నగా ఉంటాయి కాబట్టి డాక్టరు ఫెరిటిన్ చూస్తారు. ఇందులో ఒక మెలిక ఉంది. ఫెరిటిన్ ఒంట్లోని ఐరన్ నిల్వకు లెక్క, కానీ వాపు ఉన్నప్పుడు అది కూడా పెరుగుతుంది. తక్కువ వస్తే ఐరన్ లోపం ఖాయం. మామూలుగా వస్తే, "మీకు సీఆర్పీ కొద్దిగా ఎక్కువుంది కదా" అని డాక్టరు ఇంకో పరీక్ష అడగవచ్చు. అక్కడ మాత్రం మీ సీఆర్పీ నిజంగా ఒక పనికొస్తుంది.

రక్తం ఎటు పోతోందన్నది కూడా తేలాలి. తొమ్మిది రోజుల నెలసరి ఈ వయసులో చాలామందికి వస్తుంది, కానీ చాలామందికి వస్తుంది కాబట్టి వదిలేయొచ్చని కాదు. గైనకాలజిస్టు అల్ట్రాసౌండ్‌లో ఫైబ్రాయిడ్లు, అంటే గర్భాశయంలో గడ్డలు, ఉన్నాయేమో చూస్తారు, థైరాయిడ్ చూస్తారు, అవసరమనుకుంటే గర్భాశయం లోపలి పొర నుంచి చిన్న నమూనా తీసి పంపుతారు. మీ తమ్ముడి భయానికి నిజమైన జవాబు ఎక్కడైనా దొరకాలంటే ఇక్కడే దొరకాలి, పెట్ స్కాన్‌లో కాదు. చూడగానే "గర్భసంచి తీసేద్దాం" అని ఎవరైనా అంటే వెంటనే తల ఊపకండి. మందులున్నాయి, లోపల అమర్చే హార్మోన్ పరికరం ఉంది, అవి అడిగి తెలుసుకున్నాకే ఆపరేషన్ మాట.

ఐరన్ మాత్రలు రాస్తే విరేచనం నల్లగా అవుతుంది, కంగారుపడకండి. పరగడుపున పడకపోతే కొద్దిగా తిన్నాక వేసుకోండి, టీ మాత్రం దరిదాపుల్లో వద్దు. నెల రోజుల్లో హిమోగ్లోబిన్ ఒకటి నుంచి రెండు గ్రాములు పెరగాలి. మామూలుకు చేరాక కూడా ఇంకో మూడు నెలలు వాడితేనే నిల్వ నిండుతుంది. అప్పటిదాకా ఈఎస్ఆర్ చేయించకండి. హిమోగ్లోబిన్ 12 దగ్గరికి వచ్చాక ఒకే ఒక్కసారి, ఒకే ల్యాబులో, ఈఎస్ఆర్, సీఆర్పీ రెండూ చేయించండి. దిగితే సరే. అప్పటికీ ఈఎస్ఆర్ 50లోనే ఉంటే అప్పుడు దానికి వేరే కారణం వెతకడం న్యాయం, నేనే వెతకమంటాను. ఈలోగా జ్వరం, బరువు తగ్గడం, వేళ్లు ఉబ్బడం, రాత్రి నిద్రలేపే నడుమునొప్పి, వీటిలో ఏది వచ్చినా ఆ గడువు కోసం ఆగొద్దు. మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ వచ్చినా, గంటగంటకూ ప్యాడ్ మార్చాల్సి వచ్చినా ఆ రోజే వెళ్లండి.

వంకాయ తినండి. పప్పు ఎవరు మాన్పించారో కానీ, రక్తం తక్కువున్న మనిషి చేత పప్పు మాన్పించడం నాకు కోపం తెప్పించింది. చింతపండు పులుసులో గోంగూరో తోటకూరో వేసుకుని హాయిగా తినండి.

శుక్రవారం ఆయన ఫోన్ చేసి "ఎంతొచ్చింది?" అంటే "ఎనిమిది పాయింట్ ఎనిమిది" అని చెప్పండి. అదేమిటి అంటారు. అప్పుడు నెలసరి సంగతి కూడా చెప్పండి. ఏడెనిమిది నెలలుగా చెప్పలేదంటే ఫోన్‌లో ఇలాంటివి మాట్లాడటం మీ ఇద్దరికీ అలవాటు లేక కావచ్చు, పక్కన అత్తగారు ఉండి కావచ్చు. మిషను దగ్గర కూర్చుని తొక్కుతూ మాట్లాడండి, ఆ చప్పుడుకు పక్కగదిలోకి ఏమీ వినపడదు. స్కాన్‌కి ఆయన పంపుతానన్న డబ్బులో కొంత ఫిజీషియన్ ఫీజుకు, అల్ట్రాసౌండ్‌కు, మాత్రలకు చాలు. ఆయన ఉద్యోగం వదిలి రావాల్సిన పరిస్థితి ఈ ఐదు కాగితాల్లో నాకెక్కడా కనపడలేదు.

కషాయం రుచి నచ్చితే తాగండి, ఆడపడుచు మనసు నొప్పించడం ఎందుకు. ఐరన్ మాత్రకూ దానికీ మధ్య రెండు గంటల ఎడం ఉంచండి.